లెక్క ఎక్కడ వేశారు?

పరిశోధనలో కొత్తగా చేరిన విద్యార్థులు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "సర్, లాప్‌టాప్‌లో ఏది వేసుకోమంటారు? విండోస్ ఉంచెయ్యమంటారా, లినక్స్ ఎక్కించమంటారా? మ్యాక్ కొనుక్కుంటే నయమా?" సీనియర్లు ఎవరికి అలవాటైంది వాళ్లు చెబుతారు, విషయం అక్కడితో తేలిపోతుంది. నాకు మాత్రం అంత తొందరగా జవాబు చెప్పబుద్ధి కాదు. ధర, అలవాటు, తెర అందం చూసి తేల్చుకుంటే లాప్‌టాప్ మటుకు బాగానే కుదురుతుంది. కానీ ఆ పిల్లలు, తెలిసో తెలియకో, నాలుగైదేళ్ల తర్వాత తమ పేరుతో అచ్చయ్యే అంకెల గురించి అడుగుతున్నారు. అందుకని ముందు వాళ్లకు హవాయిలో జరిగింది చెబుతాను.

హవాయి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ విలియమ్స్, రుయ్ సున్‌ల బృందం సయనోబాక్టీరియా నుంచి తీసిన ఒక పదార్థం నిర్మాణాన్ని తేల్చే పనిలో ఉంది. ఇలాంటి పనిలో ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రం ఇచ్చిన కొలతలను కంప్యూటర్ లెక్కగట్టిన విలువలతో పోల్చి చూస్తారు. రెండూ కలిస్తే మనం ఊహించిన నిర్మాణం సరైనదని అర్థం. ఆ లెక్క కోసం పాట్రిక్ విలోబీ, థామస్ హోయ్ బృందం 2014లో నేచర్ ప్రోటోకాల్స్ పత్రికలో ప్రచురించిన పైథాన్ స్క్రిప్టులు అందుబాటులో ఉన్నాయి. చాలామంది వాడుతున్నవే. హవాయి వాళ్లు వాటినే తీసుకుని, అవే ఫైళ్ల మీద, వేర్వేరు కంప్యూటర్లలో నడిపారు. ఒకే విలువ విండోస్ 10 మీద 173.2గా వచ్చింది. ఉబుంటు 16 మీద 172.4 వచ్చింది. మ్యాక్‌లో పాతదైన మావెరిక్స్ 173.2 చూపించింది, కొత్తదైన మొజావే 172.7 చూపించింది. ఎక్కడా ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ప్రతి కంప్యూటరూ నిబ్బరంగా తన అంకె తాను చెప్పింది.

కారణం వెతికితే ఫైళ్ల వరస దగ్గర దొరికింది. ఒక అణువు పలు భంగిమల్లో ఉండగలదు. ఒక్కో భంగిమకు శక్తి ఎంతో చెప్పే ఫైలు ఒకటి, ఎన్‌ఎమ్‌ఆర్ విలువలు చెప్పే ఫైలు ఇంకొకటి ఉంటాయి. ఫోల్డర్‌లో ఏమేం ఫైళ్లున్నాయో చెప్పమని స్క్రిప్టు ఆపరేటింగ్ సిస్టమ్‌ను (ఓఎస్‌ను) అడుగుతుంది. వచ్చిన పట్టికను వరసగా తీసుకుని జతలు కడుతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ పేర్లను అక్షర క్రమంలో దాచుకుంటుంది, కనుక జతలు సరిగ్గా కుదిరాయి. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 పేర్లను త్వరగా వెతుక్కోవడానికి హాష్ లెక్కతో అమర్చుకుంటుంది, దాని పట్టికలో అక్షర క్రమం ఉండదు. మ్యాక్ పాత ఫైల్ వ్యవస్థ అక్షర క్రమం పాటించేది, 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ దాన్ని వదిలేసింది. అందుకే ఒకే కంపెనీ రెండు వెర్షన్లు రెండు జవాబులు ఇచ్చాయి. పైథాన్ అయితే ఆ వరసకు ఎప్పుడూ హామీ ఇవ్వలేదు. హామీ లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు, అంతే. ఒక భంగిమ శక్తి ఇంకో భంగిమ విలువలతో జతపడి, సగటు తప్పి, ఒక రసాయన నిర్మాణం మీద తీర్పు మారిపోయే పరిస్థితి వచ్చింది. 2019లో ఆర్గానిక్ లెటర్స్‌లో ఈ సంగతి అచ్చయినప్పుడు, ఆ స్క్రిప్టులతో ముడిపడ్డ 150కి పైగా వ్యాసాలను సరిచూసుకోవాలన్న మాట బయటికొచ్చింది. మరమ్మతుకు మటుకు పట్టికను అక్షర క్రమంలో పెట్టమని ఒక చిన్న ఆదేశం చేరిస్తే సరిపోయింది.

నేను లినక్స్ మనిషిని. పని చేసినా, పాఠం చెప్పినా దాని మీదే. అయినా ఈ ఉదంతాన్ని పదే పదే చెబుతాను, ఎందుకంటే ఇందులో సరైన అంకె విండోస్ మీద వచ్చింది, లినక్స్ మీద కాదు. "లినక్స్ గొప్ప, మిగతావి ఆటబొమ్మలు" అని నమ్మి కూర్చుంటే ఆ రోజు 172.4నే పట్టుకుని వేలాడేవాళ్లం. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. స్క్రిప్టు రాసినవాళ్లు దడి కట్టుకుని ఒకే రకం కంప్యూటర్ల మధ్య ఉన్నంతకాలం ఆ లోపం కనిపించే దారే లేదు. హవాయిలో రెండు మూడు రకాల వ్యవస్థలు ఉండబట్టి, అంకెలు కలవక, ఒకరు ఆగి ప్రశ్నించబట్టి బయటపడింది. ల్యాబ్ అంతటికీ ఒకే ఓఎస్ ఉంటే నిర్వహణ తేలిక, నిజమే. ఆ తేలికలో పరీక్షించే చూపు ఒకటి పోతుంది. అందుకే ఏ ల్యాబ్‌లోనైనా రెండో రకం యంత్రం ఒక్కటైనా ఉండాలంటాను. వాడకపోయినా ఫర్వాలేదు, అడిగినప్పుడు సాక్ష్యం చెప్పడానికి ఉండాలి.

మెదడు స్కాన్ల లెక్కల్లోనూ ఇలాంటిదే జరిగింది. ఎమ్‌ఆర్‌ఐ చిత్రాల నుంచి మెదడు భాగాల పరిమాణం, పైపొర మందం కొలిచే ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు 2012లో అవే స్కాన్లను వేర్వేరు చోట్ల నడిపి చూశారు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారితే భాగాల పరిమాణంలో సగటున 8.8 శాతం తేడా వచ్చింది. వెర్షన్ మార్చకుండా కంప్యూటర్ మార్చినా, మ్యాక్ ఓఎస్ 10.5 నుంచి 10.6కు వెళ్లినా, అందులో సుమారు సగం తేడా వచ్చింది. జబ్బు వల్ల మెదడు పైపొర పలచబడిందా లేదా అని వెతికేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. 2015లో త్రిస్తాన్ గ్లటార్డ్ బృందం దీని మూలాన్ని ఇంకా లోపలికి తవ్వింది. లినక్స్‌లో గణిత ప్రమేయాలను లెక్కగట్టే లైబ్రరీ వెర్షన్ మారినప్పుడు చివరి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. సుదీర్ఘమైన లెక్కలో ఆ కాస్తే పోగుపడుతూ పోతుంది. అంటే లినక్స్‌కూ లినక్స్‌కూ మధ్యే తేడా. "మేం లినక్స్ వాడాం" అని వ్యాసంలో రాస్తే ఏం చెప్పినట్టు?

ఓఎస్ ఎంపిక నేరుగా విజ్ఞానాన్ని తాకే చోటు మరొకటి ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది కనుక దీని దగ్గర కాస్త ఆగుతాను.

పల్సార్లు అనే నక్షత్ర శేషాలు గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపుతాయి. ఆ స్పందనలు మనను చేరే సమయాలను ఏళ్ల తరబడి రాసి పెట్టుకుంటే, వాటిలోని సూక్ష్మమైన హెచ్చుతగ్గుల్లో గురుత్వ తరంగాల జాడ దొరుకుతుంది. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎమ్‌ఆర్‌టీ రేడియో దూరదర్శినితో ఈ పని చేసే భారతీయ బృందం ఇన్‌పీటీఏ. ఐఐటీ హైదరాబాద్ వాళ్లు కూడా అందులో ఉన్నారు. 2023 జూన్‌లో యూరప్ బృందంతో కలిసి, అలాంటి తరంగాల ఆనవాళ్లు కనిపిస్తున్నాయని వీళ్లు ప్రకటించారు.

ఇప్పుడు లెక్క చూడండి. 30 ఏళ్లంటే సుమారు 95 కోట్ల సెకన్లు. వెతుకుతున్న తేడాలు నానోసెకన్లలో ఉంటాయి, అంటే సెకనులో వందకోట్లవ వంతు. అంత పెద్ద కాలాన్ని, అంత చిన్న తేడాను ఒకే సంఖ్యలో ఇమడ్చాలి. కంప్యూటర్లలో మామూలుగా వాడే 64 బిట్ల దశాంశ సంఖ్యకు 15, 16 అంకెల ఖచ్చితత్వం ఉంటుంది. 95 కోట్ల సెకన్ల దగ్గర దాని రెండు పక్కపక్క విలువల మధ్య ఎడం దాదాపు 120 నానోసెకన్లు. వెతికే వస్తువే ఆ ఎడంలో జారిపోతుంది. గింజలు లెక్కపెట్టాల్సిన చోట కుంచంతో కొలిచినట్టు. ఇంటెల్ తరహా చిప్‌లలో 80 బిట్ల సంఖ్య కూడా ఉంది. దానితో అదే చోట ఎడం ఒక నానోసెకనులో పదోవంతు కన్నా తక్కువకు దిగుతుంది. లినక్స్‌లో సీ కంపైలర్‌ను లాంగ్ డబుల్ అనే సంఖ్యా రకం అడిగితే ఇదే ఇస్తుంది. విండోస్ మీద మైక్రోసాఫ్ట్ కంపైలర్ లాంగ్ డబుల్ అన్నా మామూలు 64 బిట్లే ఇస్తుంది. చిప్ అదే, దానికి ఆ శక్తి ఉంది, అయినా ప్రోగ్రాముకు చేరదు. 2020 చివర్లో వచ్చిన యాపిల్ సొంత చిప్‌ల మ్యాక్‌లలోనూ 64 బిట్లే. పల్సార్ సమయాల కోసం రాసిన పింట్ అనే సాఫ్ట్‌వేర్ ఆ 80 బిట్ల మీద ఆధారపడింది. కనుక ఖరీదైన కొత్త మ్యాక్ కంటే పాత ఇంటెల్ పెట్టెలో వేసిన లినక్స్ ఈ పనికి నమ్మకమైనది. ఇక్కడ "నీకు ఏది ఇష్టమో అది వాడుకో" అనే పెద్దమనిషి సలహా పనికిరాదు.

అలాగని ప్రతి చోటా లినక్సే అని పట్టుబట్టడం కూడా న్యాయం కాదు. ప్రయోగశాలల్లో మైక్రోస్కోపులకూ స్పెక్ట్రోమీటర్లకూ తగిలించిన కంప్యూటర్లను చూడండి. యంత్రం ఖరీదు లక్షల్లో, కొన్నిచోట్ల కోట్లలో ఉంటుంది. అది పాతికేళ్లు పనిచేస్తుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, డ్రైవర్లు తయారీ కంపెనీ ఒకనాటి విండోస్ కోసం రాసి ఇచ్చినవి. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ముగిసింది. యంత్రం మటుకు ఆ తేదీలను ఎరగదు. అలాంటి కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీసి, డిస్కు నకలు తీసి భద్రపరచి, అలాగే కాపాడుకునే టెక్నీషియన్ల మీద నాకు ఎంతో గౌరవం. ఓఎస్ మార్చకపోవడమే వాళ్లు చేసే సరైన ఎంపిక. కొలతల ఫైళ్లను వీలైనంత త్వరగా ఎవరైనా తెరవగలిగే రూపంలోకి మార్చి బయటికి తెచ్చుకుంటే చాలు.

మనుషుల సంగతీ ఉంది. జిల్లా డిగ్రీ కాలేజీలో చదివి, ఎమ్మెస్సీ చేసి, నెట్ రాసి వచ్చిన అమ్మాయికి నల్లటి టెర్మినల్ తెర చూపించి "ఇందులోనే అన్నీ" అంటే ఏమవుతుందో నేను చూస్తూనే ఉన్నాను. మొదటి రోజు బెరుకు. తర్వాత, చిన్న కమాండ్ తప్పు కొట్టి ఏదైనా చెరిపేస్తానేమోనన్న భయం. ఫెలోషిప్ ఐదేళ్లు. అందులో ఆరు నెలలు ఈ భయానికి పోతే, ఆ ఖర్చు భరించేది ఆమె, సలహా ఇచ్చిన మనం కాదు. అందుకని విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2016లో వచ్చినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. ఉన్న లాప్‌టాప్ ఉన్నట్టే ఉంచి, రోజూ ఒక గంట కమాండ్లు అలవాటు చేసుకోవచ్చు. ఆ అలవాటు మాత్రం వాయిదా వేయవద్దంటాను. ఎందుకంటే లెక్క పెద్దదైన రోజున లాప్‌టాప్ చాలదు, క్లస్టర్‌కు పంపాలి. ప్రపంచంలోని అతివేగవంతమైన 500 కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ఉన్నవన్నీ లినక్స్ మీద నడిచేవే. ఐఐటీ హైదరాబాద్‌లోని 838 టెరాఫ్లాప్‌ల పరమ్ సేవా సూపర్‌కంప్యూటర్‌లో అణువుల కదలికలు లెక్కగట్టే గ్రోమాక్స్ నడపాలన్నా, వాతావరణ నమూనా నడపాలన్నా, జాబ్ రాసి క్యూలో పెట్టాల్సింది టెర్మినల్ నుంచే. ఐదో సంవత్సరంలో, థీసిస్ నెత్తి మీదున్నప్పుడు, ఆ భాష కొత్తగా నేర్చుకోవడం చాలా కష్టం.

సరే, లినక్సే అనుకుందాం. ఏ లినక్స్? ఈ ప్రశ్నకు జవాబు సాంకేతికం అనుకునేవాణ్ని. గడిచిన ఇరవై ఏళ్ల చరిత్ర చూస్తే అది ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు ప్రశ్న అనిపిస్తుంది.

అమెరికాలోని ఫెర్మిల్యాబ్, జెనీవాలోని సెర్న్ కలిసి 2004లో సైంటిఫిక్ లినక్స్ అని ఒకటి తయారు చేసుకున్నాయి. రెడ్‌హ్యాట్ కంపెనీ బయటపెట్టిన మూల కోడ్‌ను తీసుకుని, భౌతిక శాస్త్ర ప్రయోగాలకు అనువుగా మళ్లీ కట్టిన వ్యవస్థ అది. 2012 జూలైలో హిగ్స్ బోసాన్ ప్రకటన వచ్చేనాటికి సెర్న్ లెక్కలు ప్రధానంగా నడుస్తున్నది దాని మీదే. శాస్త్రవేత్తలు తమ పనికి తామే ఓఎస్ నిర్వహించుకున్నారన్న మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 2019లో ఫెర్మిల్యాబ్, ఇక కొత్త వెర్షన్ చేయం, అదే పని చేస్తున్న సెంట్‌ఓఎస్‌కు మారతాం అంది. తెలివైన నిర్ణయమే. ఒకే పని రెండు చోట్ల ఎందుకు? కానీ 2020 డిసెంబరు 8న, సెంట్‌ఓఎస్ యాజమాన్యం చేతిలో ఉన్న రెడ్‌హ్యాట్, 2029 వరకూ ఉంటుందనుకున్న సెంట్‌ఓఎస్ 8ని 2021 చివరికే ఆపేస్తున్నామని ప్రకటించింది. దాన్ని నమ్ముకుని క్లస్టర్లు కట్టుకున్న విశ్వవిద్యాలయాలు, ప్రయోగశాలలు ఒక్కసారిగా కొత్త ఇల్లు వెతుక్కోవలసి వచ్చింది.

ఉచితంగా దొరకడం వేరు, నిలిచి ఉండడం వేరని అప్పుడు బాగా అర్థమైంది. ఆ తర్వాత జరిగిందీ మరచిపోకూడదు. మూల కోడ్ అప్పట్లో అందరి ముందూ ఉండబట్టి, 2021 పూర్తి కాకముందే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ అని రెండు వచ్చి నిలబడ్డాయి. రాకీని మొదలుపెట్టింది సెంట్‌ఓఎస్ మూలపురుషుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్జర్. తొలినాళ్లలో తనతో కలిసి పనిచేసి, కన్నుమూసిన సహచరుడు రాకీ మెగా పేరు దానికి పెట్టాడు. సెర్న్, ఫెర్మిల్యాబ్ 2022 డిసెంబరులో ఆల్మాలినక్స్ వైపు మొగ్గాయి. మూసిన కోడ్ ఉన్న వ్యవస్థకు ఇలా జరిగి ఉంటే, యజమాని వద్దనుకున్న రోజే దాని కథ ముగిసేది. తెరిచిన కోడ్‌కు చావు లేదని అనను. చచ్చినా దాన్ని మళ్లీ నిలబెట్టే హక్కు మన దగ్గర ఉంటుంది. పరిశోధనకు తెరిచిన వ్యవస్థే కావాలని నేను పట్టుబట్టేది దీనికోసమే, డబ్బు మిగులుతుందని కాదు. అందులోనూ ఒకే కంపెనీ చేతిలో ఉన్నదాని కంటే డెబియన్‌లా స్వచ్ఛంద కార్యకర్తల సమాజం నడిపేదాని మీద నా మనసు ఎక్కువ మొగ్గుతుంది. 1993 నుంచి అది ఆగకుండా నడుస్తూనే ఉంది.

పదేళ్ల తర్వాత ఎవరైనా మన లెక్కను మళ్లీ వేయగలరా? ఫ్రాన్స్‌లో పనిచేసే నికోలా రుజియే, కొన్రాడ్ హిన్సెన్ 2019లో శాస్త్రవేత్తలకు ఇదే సవాలు విసిరారు. పదేళ్లు దాటిన మీ వ్యాసం తీసుకోండి, దాని కోడ్‌ను ఇప్పుడు నడిపి చూపించండి అని. రుజియే తానే ముందు నిలబడి, పదహారేళ్ల వయసులో యాపిల్ 2 కోసం రాసి ఒక పత్రికలో అచ్చేయించుకున్న ప్రోగ్రామును 32 ఏళ్ల తర్వాత మళ్లీ నడిపించాడు. పాల్గొన్నవాళ్లలో కొందరికి కోడే దొరకలేదు. దొరికినవాళ్లలో కొందరు పాత కంపైలర్, లైబ్రరీల కోసం తంటాలు పడ్డారు. కర్ట్జర్ లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో ఉన్నప్పుడు, 2015లో మొదలైన సింగ్యులారిటీ అనే సాఫ్ట్‌వేర్ ఈ ఇబ్బందికి ఒక మందు. ఇప్పుడు దాన్ని ఆప్టెయినర్ అంటున్నారు. ఓఎస్ లైబ్రరీలతో సహా లెక్కకు కావలసిన సరంజామాను కంటెయినర్ అనే ఒకే ఫైల్‌లో కట్టేసి, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్లవచ్చు. నేనూ వాడతాను, వాడమంటాను. అయితే ఆ ఫైల్‌ను ఎలా కట్టారో చెప్పే చిన్న పాఠ్యం దానితో పాటు లేకపోతే తర్వాతి వాళ్లు దాన్ని నడపగలరు గానీ ప్రశ్నించలేరు. తప్పున్న లెక్కను కంటెయినర్‌లో కట్టేస్తే ఆ తప్పు అంకే ప్రపంచమంతా ఒకేలా రావచ్చు, ఎవరికీ అనుమానం రాకుండా.

మన విశ్వవిద్యాలయాల థీసిస్ నిబంధనల్లో మార్జిన్ ఎంత వదలాలో, అక్షరం ఏ సైజులో ఉండాలో, అట్ట ఏ రంగుదో రాసి ఉంటుంది. లెక్క వేసిన యంత్రానికి ఒక పేజీ కేటాయించమని మాత్రం నేను చూసినంతలో ఎక్కడా లేదు. నా దగ్గర పనిచేసే పిల్లల చేత అడగకపోయినా ఆ పేజీ రాయిస్తున్నాను: ఏ ఓఎస్, దానిలో ఏ వెర్షన్, ఏ చిప్, కంపైలర్ ఏది, గణిత లైబ్రరీ ఏది, లాంగ్ డబుల్ ఎన్ని బిట్లు, ఫైళ్ల వరసను ప్రోగ్రామే నిర్ణయించిందా లేక ఓఎస్‌కు వదిలేసిందా. ముఖ్యమైన ఫలితాన్ని ఇంకో రకం యంత్రం మీద కూడా నడపాలి. అక్కడ వచ్చిన అంకె కూడా అదే పేజీలో ఉండాలి, తేడా వస్తే ఆ తేడాతో సహా.